గులాబీ నురగ

ఆ స్ప్రే సీసా మా ఇంటికి లాటరీలో వచ్చింది. ప్రతి ఫిబ్రవరిలోనూ మా ఊరి ఫైరింజను వాళ్ళు హాల్లో డాన్సు పెట్టి, ఆఖర్న లాటరీ తీస్తారు. మొదటి బహుమతి ఎప్పుడూ వేటాడిన అడవిపందే. మా ఆయన ఓల్దా ఏటా ఆ పంది మీద ఆశ పెట్టుకుని వెళతాడు, ఏటా ఏ దోసకాయ ఊరగాయ సీసానో, పూలకుండీనో చంకన పెట్టుకుని తిరిగొస్తాడు. ఈసారి సైకిలు కడిగే మందు వచ్చింది. సీసా నిండా గులాబీ రంగు నీళ్ళు, మూతకి తుపాకీలాంటి మీట, చుట్టూ మాకెవరికీ రాని భాషలో చీమల్లాంటి అక్షరాలు.

"నీ సైకిలుకి బురదంటితే కదా కడగడానికి," అన్నాను నవ్వుతూ.

ఓల్దా సీసాని కిటికీ గట్టు మీద పెట్టి బూట్లు విప్పుకుంటూ కూర్చున్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని అప్పుడు తట్టింది నాకు. అక్టోబరు నుంచీ ఆయన సైకిలు ఎక్కలేదు. ఎక్కాలంటే పక్కన రదొవాన్ ఉండాలి.

రదొవాన్ మా పక్కింటాయన. మా పెరడుకీ వాళ్ళ పెరడుకీ మధ్య నడుమెత్తు కంచె ఒక్కటే అడ్డం. అతనూ ఓల్దా ఒకే టైర్ల ఫ్యాక్టరీలో పనిచేశారు, ఒకే ఏడు రిటైరయ్యారు, ముప్పై ఏళ్ళుగా ఒకే బురదలో పొర్లారు. పొర్లారనే అంటాను నేను. మా కొండల్లో వానలు పట్టాయంటే మగాళ్ళకి పిచ్చెక్కుతుంది. నానిన పచ్చికబయళ్ళలో, కాలు పెడితే జారే వాలుల్లో సైకిలు పందేలు పెట్టుకుంటారు. తొక్కలేని చోట సైకిలు భుజానికెత్తుకుని పరిగెత్తుతారు. ఇంటికొచ్చేసరికి కళ్ళు మాత్రమే కనిపిస్తాయి.

మా ఆయన ఇంటికొచ్చి సైకిలుని ఎక్కడ పడితే అక్కడ పడేస్తాడు. రదొవాన్ అలా కాదు. ఎంత చలిగా ఉన్నా, ఆకలి ఎంత దంచేస్తున్నా ముందు సైకిలు కడగాల్సిందే. బకెట్టు నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు, ఒక పాత బ్రష్షు. ఆ బ్రష్షు ఇంకొకళ్ళు ముట్టుకోకూడదు. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో వాళ్ళావిడ ద్రాహా మొగుణ్ణి సంతోషపెడదామని, అతను నిద్ర లేచేలోపు సైకిలుని వంటింటి పీచుతో రుద్ది తళతళలాడించిందట. రంగంతా గీతలు పడి, పెద్దమనిషి రెండు పూటలు అన్నానికి కూర్చుని కూడా నోరు విప్పలేదట. అప్పట్నించీ సైకిలు జోలికి పోవడం మానేసింది. బడి వంటశాలలో మూడొందల మంది పిల్లలకి వండిపెట్టిన మనిషి ఆమె. పెద్ద గొంతు, పెద్ద చేతులు. "నా సవతి ఇనుముతో చేసిందమ్మా, దాన్ని నేనేం చెయ్యగలను," అనేది మాతో.

అక్టోబరు ఆఖర్లో ఒక ఆదివారం మగాళ్ళిద్దరూ కొండ మీదికి వెళ్ళారు. వాలు సగంలో రదొవాన్ సైకిలు దిగిపోయాడు. వెనక వస్తున్న ఓల్దా, "ఏరా ముసలోడా, గాలి దిగిపోయిందా?" అని అరిచాడు. రదొవాన్ వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. ఏ భాషా కాని మాట. తనని వెక్కిరించడానికే అలా అంటున్నాడనుకుని ఓల్దా పడీ పడీ నవ్వాడు. అప్పుడు రదొవాన్ నెమ్మదిగా, ఎవరో కుర్చీ వేసినట్టు, బురదలో కూర్చుండిపోయాడు.

అంబులెన్సు పొలం గట్టు దాకా వచ్చింది. అతన్ని ఎక్కించాక ఓల్దా ఆ సైకిలుని భుజాన వేసుకుని కొండ దిగి, వాళ్ళ షెడ్డులో గోడకానించి వచ్చాడు. బురద బురదగానే ఉంచేశాడు. ఆ రోజు దాని మీద చెయ్యి వెయ్యడానికి ఎవరికి మనసొప్పుతుంది?

మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు డాక్టర్లు. ప్రాణానికి భయం లేదన్నారు. క్రిస్మసు ఆసుపత్రిలోనే గడిచి, మంచు బాగా పడుతున్న రోజుల్లో ఇంటికొచ్చాడు. కుడిచెయ్యి సరిగా లేవదు. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు. అన్నీ అర్థమవుతాయి, అందరినీ గుర్తుపడతాడు. మాటలు మాత్రం పోయాయి. ఒక్క మాట మిగిలింది. "మరి."

కాఫీ కావాలా అంటే "మరి". వద్దా అంటే "మరి". కోపమొస్తే "మరి! మరి!" చెప్పాలనుకున్నది ఇంకొకటి, నోట్లోంచి వచ్చేది అది. అది అతనికీ తెలుస్తుంది. తెలిసే నెమ్మదిగా అదీ తగ్గించేశాడు. మనిషి వస్తే కిటికీ వైపు తిరిగి కూర్చునేవాడు.

మాటలు నేర్పే అమ్మాయి వారానికోసారి పట్నం నుంచి వచ్చేది. ఆపిల్ బొమ్మ, ఏనుగు బొమ్మ, గడియారం బొమ్మ ముందు పెట్టి ఇదేమిటి, అదేమిటి అని అడిగేది. మంచి పిల్లే, ఓపిక ఉన్న పిల్లే. కానీ ఫ్యాక్టరీలో ఒక సెక్షను మొత్తం నడిపిన మనిషిని ఏనుగు ఏదని అడిగితే ఎలా ఉంటుంది? ఒకరోజు ఎడం చేత్తో ఆ కార్డులన్నీ నేల మీదికి తోసేశాడు. ఆ పిల్ల ఏమీ అనుకోకుండా ఏరుకుని, "బలవంతం చెయ్యొద్దమ్మా. ఆయనకి ఏదంటే ఇష్టమో దాని చుట్టూ ఉండండి. మాట దానంతటదే రావాలి," అని ద్రాహాకి చెప్పి వెళ్ళింది.

మా ఓల్దా కంచె దాటి వెళ్ళడమే తగ్గించేశాడు. నేను పోరితే ఒకసారి ఇంట్లో కాచిన ప్లమ్ పళ్ళ సారా తీసుకుని వెళ్ళాడు. కాసేపటికే తిరిగొచ్చేశాడు.

"ఏం మాట్లాడను యర్మిలా?" అన్నాడు. "వాణ్ణి తిట్టాలి, వాడు నన్ను తిట్టాలి. మాకు వచ్చింది అదొక్కటే. తిరిగి అనలేనోణ్ణి నేనేమని తిట్టను?"

ఏప్రిల్ వచ్చింది. మంచు కరిగి పెరళ్ళన్నీ చిత్తడి చిత్తడిగా ఉన్నాయి. ఒక శనివారం పొద్దున ద్రాహా కంచె దగ్గరికొచ్చి నన్ను పిలిచింది.

"మీ ఆయనకి లాటరీలో ఏదో సీసా వచ్చిందన్నావు. ఉందా, పారేశాడా?"

"కిటికీలో ఉంది. ఎందుకు?"

"సైకిలు కడుగుతా."

నేను ఆమె మొహంలోకి చూశాను. ఆమె కళ్ళు తిప్పుకుంది. సంగతేమిటంటే, బ్ర్నో నగరంలో ఉండే వాళ్ళమ్మాయి బ్లాంకా ఫోను చేసింది. షెడ్డులో పడి తుప్పు పట్టే బదులు ఆ సైకిలుని ఊళ్ళో పిల్లల క్లబ్బుకి ఇచ్చేస్తే నలుగురికీ పనికొస్తుంది కదమ్మా అంది. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేం లేదు.

"ఆయన్ని అడిగావా?" అన్నాను.

"అడిగాను. కిటికీలోంచి చూస్తూ 'మరి' అన్నాడు." ఆమె గొంతు తగ్గింది. "ఆ 'మరి' ఎలా ఉందంటే యర్మిలా, పోతే పోనీ అన్నట్టుంది. ఇచ్చేదాన్ని బురదతో ఇవ్వలేను కదా. ఆయన సైకిలు బురదతో గుమ్మం దాటిందంటే నలుగురూ ఏమనుకుంటారు?"

సీసా తెచ్చిచ్చాను. ఎండ బాగుంది కదాని రదొవాన్‌ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, కాళ్ళ మీద దుప్పటి కప్పింది. అతను మొహం కంచె వైపు తిప్పుకున్నాడు. షెడ్డు వైపు చూడలేదు. ద్రాహా సైకిలుని బయటికి తీసుకొచ్చి వాల్‌నట్ చెట్టుకి ఆనించింది.

సైకిలని తెలుస్తోంది, అంతే. చలికాలమంతా ఎండిన మట్టి చక్రాలకీ, గొట్టాలకీ సిమెంటు తాపడంలా పట్టేసింది. పెడలుకి గడ్డిపరకలు అతుక్కుని ఎండిపోయి ఉన్నాయి. హ్యాండిలుకి ఒక పక్క అయిదు వేళ్ళ గుర్తు ఆ మట్టిలో అలాగే ఉంది. ద్రాహా దాన్ని చూసి ఒక్క క్షణం ఆగింది. తరువాత గట్టిగా ఊపిరి పీల్చుకుని సీసా ఎత్తి, బొద్దింకల మీద మందు కొట్టినట్టు కొట్టింది.

గులాబీ రంగు నురగ బుసబుసా పొంగింది. చూడ్డానికి బర్త్‌డే కేకులా తయారైంది సైకిలు. ఆమె చేతులు నడుముకి పెట్టుకుని నిలబడింది. నురగ చప్పబడి కారిపోయింది. మట్టి మట్టిలాగే ఉంది.

"ఇదేం మందే, దీని మొహం మండ!" అంది ద్రాహా. "దీనికంటే నా కన్నీళ్ళు నయం."

నేను ఇంట్లో ఉన్న ఓల్దాని కేకేశాను. ఆయన చేతులు జేబుల్లో పెట్టుకుని వచ్చి, కంచెకి ఇవతలే ఆగి సలహా ఇచ్చాడు. "కాసేపు నాననియ్యి."

"నీ సీసాయే కదా, ఏం రాసుందో చదివి చెప్పు."

"నాకా భాష వస్తే టైర్ల ఫ్యాక్టరీలో ఎందుకు చేస్తాను?"

ఆమె సీసాని కంటికి దగ్గరగా పెట్టుకుంది. వెనక చిన్నచిన్న బొమ్మలున్నాయి. మొదటి బొమ్మలో నీళ్ళ పైపు, రెండో బొమ్మలో సీసా, మూడో దాంట్లో బ్రష్షు. "ముందు తడపాలట," అంది సిగ్గుపడుతూ. "చూడు, ఇన్నేళ్ళు అంట్లు తోమాను, ఎండిన గిన్నెని నానబెట్టాలని తెలీదూ నాకు!"

పైపు పెట్టి తడిపింది. మట్టి నానేదాకా అటూ ఇటూ తిరిగింది. మళ్ళీ కొట్టింది. ఈసారి నురగ గోధుమరంగులోకి తిరిగి, పెళ్ళలు పెళ్ళలుగా మట్టి జారడం మొదలైంది. లోపల్నించి నీలం రంగు బయటపడింది. ద్రాహాకి హుషారొచ్చింది. హ్యాండిలు అయింది, సీటు అయింది, గొట్టాలయ్యాయి. ఎప్పుడు తిరిగాడో తెలీదు, రదొవాన్ మొహం ఇటు తిరిగి ఉంది. నేను చూశాను. ద్రాహా చూడలేదు. ఆమె ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, మధ్యలో పళ్ళెంలా ఉన్న ఇనప బిళ్ళకేసి సీసా గురిపెట్టింది.

"మరి!" అన్నాడు రదొవాన్.

"ఆఁ ఆఁ, అవుతోంది," అంది ఆమె తిరక్కుండానే.

"మరి! మరి!" దుప్పటి కిందపడింది. కర్రతో నేలని కొడుతున్నాడు.

"చలేస్తోందా? ఇదొక్కటీ అయిపోనీ, లోపలికి పోదాం." మీట మీద వేలు నొక్కబోయింది.

"బ్రేకు!"

పెరట్లో అందరం కొయ్యబారిపోయాం.

"బ్రేకు!" అన్నాడు మళ్ళీ. మొహం ఎర్రగా కందిపోయింది. "కాదు! బ్రేకు... కాదు!"

ద్రాహా సీసా పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. మా ఓల్దాకి ముందు తెలివొచ్చింది. "అవునే, డిస్కు మీద ఆ జిడ్డు పడితే బ్రేకు పట్టదు. ఎదర చెట్టొచ్చినా ఆగదు," అన్నాడు. అని, తను విన్నది రదొవాన్ నోటి మాటని అప్పుడు తట్టి, నా భుజం పట్టుకున్నాడు.

ద్రాహా లేవలేదు. మోకాళ్ళ మీదే తిరిగి మొగుడికేసి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఏడవలేదు. చాలా మామూలుగా, వంటింట్లోంచి ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది.

"బ్రేకు మీద కొట్టకూడదా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"మరి దీని మీద?"

అతను ఆమె వేలు చూపిన చోటికి చూశాడు. పెదవులు కదిలాయి. "చె..." అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "చెయిను."

"చెయిను మీద కొట్టచ్చా?"

"కొట్టు," అన్నాడు.

ఆ మధ్యాహ్నం అతను బెంచీ మీంచి లేచి, కర్ర సాయంతో చెట్టు దాకా నడిచి, స్టూలు మీద కూర్చుని, ఎడం చేత్తో బ్రష్షు అందుకున్నాడు. పెడలు అన్నాడు. టైరు అన్నాడు. ఒకచోట మాట రాక చాలాసేపు పెనుగులాడి, కోపంతో బ్రష్షు బకెట్లోకి విసిరేశాడు. ద్రాహా దాన్ని తీసి, నీళ్ళు విదిలించి మళ్ళీ అతని చేతిలో పెట్టింది. ఓల్దా ఎప్పుడు కంచె దాటాడో దాటేశాడు.

"ఎడం చేత్తో ఇంత బాగా తోముతున్నావు, ఇన్నేళ్ళూ కుడిచేత్తో ఏం పీకావురా?" అన్నాడు.

రదొవాన్ ఆయన కేసి పైనించి కిందికి చూశాడు. మూతి ఒక పక్కకి వంకర తిరిగింది. ఇన్ని నెలల్లో అతను నవ్వడం అదే మొదటిసారి.

ఇంక మాటలన్నీ వచ్చేశాయని మేం సంబరపడ్డాం. తెల్లారి ద్రాహా కాఫీ ఇస్తే "మరి" అన్నాడు. సోమవారమూ అంతే. మంగళవారం నాడు మాటలు నేర్పే అమ్మాయి వస్తే ద్రాహా అంతా చెప్పింది. ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. "అయితే అదే చేయించండి. వారంవారం చేయించండి. బొమ్మలు నేను ఇంట్లో పెట్టేసుకుంటా," అంది.

చేయించమంటే చిక్కొచ్చిపడింది. సైకిలు అద్దంలా ఉంది. దాంట్లో కడగడానికేం లేదు. ఓల్దా తన సైకిలుని గుంటల్లో తిప్పి బురద చేసి తీసుకెళ్ళాడు. రదొవాన్ దాన్ని ఒక్కసారి చూసి, తనది కాదుగా, ఈగని తోలినట్టు చెయ్యి ఊపాడు. మా ఆయన మొహం చిన్నబుచ్చుకుని తోసుకుంటూ వెనక్కి తెచ్చాడు.

ఆ సాయంత్రం ద్రాహా బ్లాంకాకి ఫోను చేసిందట. మరునాడు నవ్వుతూ నాకు చెప్పింది.

"సైకిలు ఇవ్వటం లేదే. నాకు కావాలి," అందట కూతురితో.

"నీకా? ఎందుకమ్మా?"

"తొక్కడానికి."

ఆ పిల్ల, "అమ్మా, నీ ఒంట్లో బానే ఉందా?" అందట.

ద్రాహా సైకిలెక్కి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. మొదటివారం ఎక్కనేలేదు. రబ్బరు బూట్లు వేసుకుని, సైకిలుని నడిపించుకుంటూ నది ఒడ్డున చిత్తడి దారిలోకి తీసుకెళ్ళి, బురదగుంటలో ముందుకీ వెనక్కీ దొర్లించి తెచ్చింది. ఏదో దొంగతనం చేసినదానిలా గర్వంగా మొగుడి ముందు నిలబెట్టింది. రదొవాన్ చక్రాలకేసి చూశాడు. వంగి సీటు కింద చూశాడు. గొట్టం కింద వేలితో తుడిచి, శుభ్రంగా ఉన్న వేలు ఆమెకి చూపించాడు. తరువాత రెండు వేళ్ళతో తన మోకాలి మీద నడుస్తున్నట్టు చేశాడు.

"ఏమంటున్నాడు?" అన్నాను కంచె ఇవతల్నించి.

ద్రాహా చెవుల దాకా ఎర్రబడింది. "నడిపించుకొచ్చానని పట్టేశాడమ్మా. తొక్కితే కదా చక్రం తిరిగి బురద కింద గొట్టానికీ సీటుకీ చిమ్మేది. నాకేం తెలుసు?"

రదొవాన్ భుజాలు ఎగరేస్తూ నవ్వుతున్నాడు. అయినా బకెట్టు తెమ్మని సైగ చేశాడు. ఆ వేళ "చక్రం" వచ్చింది, "నీళ్ళు" వచ్చింది, "ఇంకా" వచ్చింది.

మరుసటి వారం ఓల్దా సీటు కిందికి దించి బిగించాడు. ద్రాహా ఎక్కింది. ఎక్కి మా ఇంటి గోడకి గుద్దుకుంది. మళ్ళీ ఎక్కింది. పోస్టు బండి అమ్మాయి ఆగి చూసింది. చర్చి నుంచి వస్తున్న ముసలమ్మలు ఆగి చూశారు. "ద్రాహా, ఒలింపిక్సుకా?" అని బేకరీ ఆయన అరిస్తే, "నీ రొట్టెలు తిని అరక్క!" అని అరిచి, పూల గౌను ఎగురుతుండగా నది వైపు మలుపు తిరిగిపోయింది. తిరిగొచ్చినప్పుడు ఆమె వీపు మీద మెడ దాకా బురద చారిక నిటారుగా గీసినట్టుంది. రదొవాన్ ఆ చారిక చూసి ఎడం చేత్తో తొడ చరిచాడు. అది సరైన బురదన్నమాట.

అలా శనివారాలు గడిచాయి. గులాబీ మందు అయిపోతే గిన్నెల సబ్బుకి వచ్చారు. కొన్ని శనివారాలు మాటలు వానలా వచ్చేవి, కొన్ని శనివారాలు ఒక్కటీ రాలేదు. రానినాడూ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకళ్ళు రుద్దుతుంటే ఒకళ్ళు నీళ్ళు పోసేవారు. ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళు కలిసి చేసిన పని నేను చూడలేదు. ఆమెకి వంటిల్లు, అతనికి షెడ్డు. ఇప్పుడు ఆమెకి ఏ నట్టు ఎటు తిరుగుతుందో తెలుసు. ఒకరోజు కొట్టులో నా చేతిలో గిన్నెల పీచు చూసి, "అది రంగుని పాడుచేస్తుంది," అంది చాలా సీరియస్‌గా.

మే నెలలో నాలుగు రోజులు ఏకధాటిగా వాన కురిసింది. అయిదో రోజు తెరిపిచ్చింది. ద్రాహా వెళ్ళింది. భోజనాల వేళ దాటిపోయింది, రాలేదు. రదొవాన్ గేటు దగ్గర కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. ఓల్దాని పంపిద్దామా అనుకుంటుండగా వీధి మలుపులో సైకిలు కనిపించింది. తొక్కటం లేదు, తోసుకుంటూ వస్తోంది. ఒక పక్కంతా చెవి నుంచి బూటు దాకా బురద. మోచెయ్యి గీరుకుపోయింది. గౌను చిరిగింది. నవ్వుతోంది.

రదొవాన్ సైకిలుకేసి చూడలేదు. కర్ర వదిలేసి రెండడుగులు వేసి ఆమె భుజం పట్టుకున్నాడు.

"ఎక్కడ పడ్డావు?" అన్నాడు.

ద్రాహా నవ్వు ఆగిపోయింది.

"ఎక్కడ... పడ్డావు? దెబ్బ?"

"కొండ మీద," అంది ఆమె చిన్నగా. "మీరు తొక్కే వాలు ఉంది చూడు, అక్కడ. దిగుదామనుకున్నాను. సగం దాకా బాగానే దిగాను."

"కొండ?" అతని గొంతు పెరిగింది. "కొండ వద్దు! నది... చాలు. కొండ వద్దు!"

"ఎందుకొద్దు?"

"వద్దు!"

"చెప్పడానికి నువ్వెవరివయ్యా? ముప్పై ఏళ్ళు నేను వద్దు వద్దంటే నువ్వు విన్నావా? ఒక్క ఆదివారం ఇంట్లో ఉన్నావా?"

"నేను... వేరు."

"ఏం, నీకేమన్నా కొమ్ములున్నాయా?"

"నేను..." అతను మాట కోసం వెతికాడు. ఆమె ఆగింది. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, కోపంగా మొహం పెట్టి, అతను వెతుక్కునేదాకా ఓపిగ్గా ఆగింది. "నేను బాగా తొక్కుతా. నువ్వు... గోడకి!"

నేను పాలకూర మడిలో కూర్చుని అంతా వింటున్నాను. ఓల్దా వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. "అయ్యో, కొట్టుకుంటున్నారా? నే వెళ్ళి..."

"కదిలావంటే కాళ్ళు విరగ్గొడతా," అన్నాను. "తిట్టుకోనీ."

ఇద్దరం కంచె వెనక వంగి కూర్చున్నాం. సిగ్గులేని పనే. ద్రాహా ఒక్క క్షణం మా వైపు తిరిగింది. బురద మొహంలో కళ్ళు రెండూ నీళ్ళతో మెరుస్తున్నాయి. మళ్ళీ మొగుడి వైపు తిరిగి గొంతు ఇంకా పెంచింది.

"గోడకి గుద్దింది మొదటిరోజు! ఇప్పుడు చూడు నా కాళ్ళు, కండ పట్టాయి! వచ్చే శనివారం మళ్ళీ పోతా, ఆ కొండకే పోతా, దిగి చూపిస్తా!"

రదొవాన్ ఆమెని ఒక నిమిషం ఎగాదిగా చూశాడు. కర్ర తీసుకుని షెడ్డులోకి వెళ్ళాడు. లోపల ఏవో డబ్బాలు దొర్లిన చప్పుడైంది. తిరిగొచ్చేటప్పుడు అతని చేతిలో తన హెల్మెట్టు ఉంది.

"ఇదా? నా జుట్టు అణిగిపోతుంది," అంది ద్రాహా.

"పెట్టుకో."

ఆమె తల వంచింది. అతను ఎడం చేత్తో హెల్మెట్టు ఆ బురద జుట్టు మీద పెట్టాడు. గడ్డం కింద పట్టీ బిగించాలంటే రెండు చేతులూ కావాలి. కుడిచెయ్యిని ఎడం చేత్తో ఎత్తి అక్కడికి తెచ్చాడు. వేళ్ళు మాట వినటం లేదు. పట్టీ కొస జారిపోయింది, మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. ద్రాహా గడ్డం పైకెత్తి, ఆకాశంలోకి చూస్తూ, రెప్ప కొట్టకుండా నిలబడింది. సాయం చెయ్యలేదు. ఎంతసేపయిందో, వాళ్ళ పొయ్యి మీద పుల్లటి క్యాబేజీ సూపు మాడుతున్న వాసన మా పెరడు దాకా వచ్చింది. ఎవ్వరూ కదల్లేదు.

టక్‌మని పట్టీ పడింది.

"బిగుతుగా ఉంది," అంది ద్రాహా.

"ఉండాలి," అన్నాడు రదొవాన్.